వకాల్తా

‘వకాల్తా’ అనే మాటకు మూలం అరబ్బీలోని ‘వకాలత్’. ఒకరి పనిని మరొకరికి నమ్మి అప్పగించడం దాని అర్థం కాగా, ఆ అప్పగింత పొందినవాడు వకీలు, దానిని తెలిపే పత్రం వకాల్తానామా. పారశీక, ఉర్దూ భాషల్లో సాగిన కచేరీల ద్వారా తెలుగులో చేరిన ఈ మాట, కోర్టు గడప దాటి, ‘వకాల్తా పుచ్చుకోవడం’ అనే వాడుకలో ఒకరి పక్షాన నిలిచి మాట్లాడటం అనే విస్తృతార్థాన్ని పొందింది.

వకీలుకు ఫీజు ఇచ్చుకోలేనివారికి న్యాయ సహాయం అందించే బాధ్యతను, 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 39ఎ అధికరణం ప్రభుత్వంపై ఉంచగా, 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చిన న్యాయ సేవాధికార సంస్థల చట్టం దానికి ఆచరణరూపం ఇచ్చింది. ఆ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయానికి అర్హులు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం నెలకొన్న శామీర్‌పేటలోనూ, కర్మాగారాల కార్మికులు నివసించే మేడ్చల్‌లోనూ ఈ సంగతి ప్రతి ఇంటికీ తెలియాలి. సహాయం కోరేవారు 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. న్యాయ సేవాధికార సంస్థ నియమించిన న్యాయవాదికి సంతకం చేసి ఇచ్చే వకాల్తానామాకు, ఫీజు చెల్లించి ఇచ్చేదానితో సమానమైన బలం ఉంటుంది.