పేరులోనే పండు

మా వారు మందు ముట్టరు. సిగరెట్ వాసనే పడదు. అలాంటి మనిషికి స్కానింగులో "ఫ్యాటీ లివర్" అని రాసి ఇచ్చేసరికి నాకు డాక్టరు గారి మీదే అనుమానం వచ్చింది. "రోజూ ఏం తాగుతారమ్మా?" అని ఆయన అడిగితే గర్వంగా చెప్పాను. "కాఫీ కూడా మాన్పించేశానండీ! పొద్దున్న పెద్ద గ్లాసుడు బత్తాయి రసం, సాయంత్రం ద్రాక్షరసం. రెండేసి చెంచాల పంచదార వేసి నేనే ఇస్తాను."

ఆయన నవ్వలేదు. "ముందు అవి ఆపండి" అన్నారు.

ఎంత చిన్నతనంగా అనిపించిందో! ప్రేమగా ఇచ్చింది విషమవుతుందా? ఆ ఉక్రోషంతోనే ఈ తీపి పుట్టుపూర్వోత్తరాలు చదవడం మొదలెట్టాను.

చెరకు నుంచి పంచదార తీసే విద్య మనదే. మన "శర్కర" అన్న మాటే పారశీకం, అరబ్బీల మీదుగా వెళ్లి ఇంగ్లీషులో "షుగర్" అయింది. ఆ పంచదారలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. ఈ రెండోదాన్ని 1847లో దుబ్రన్‌ఫో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుర్తించాడు. పండ్లలో, తేనెలో ఉంటుంది గనుక మనవాళ్లు "ఫలశర్కర" అని ముద్దుగా పిలిచారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే!

ఎందుకంటారా? గ్లూకోజును ఒంట్లో అన్ని అవయవాలూ పంచుకుని వాడుకుంటాయి. ఫలశర్కర కాస్తయితే చిన్నపేగే చక్కబెడుతుంది. ఎక్కువైతే భారమంతా కాలేయం మీదే, ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి మీద పడ్డట్టు! పాపం, అది చేయగలిగినంత చేసి, మిగిలినదాంట్లో కొంత కొవ్వుగా మార్చి దాచిపెడుతుంది. రక్తంలో గ్లూకోజును చప్పున పెంచదని ఒకప్పుడు షుగరు వ్యాధి ఉన్నవాళ్లకు వైద్యులే దీన్ని సిఫారసు చేశారు. తర్వాత ఆ సలహా మానుకున్నారు.

ఇక అమెరికా సంగతి చూడండి. మొక్కజొన్న పిండి నుంచి వచ్చే గ్లూకోజును ఫలశర్కరగా మార్చే ఎంజైము గురించి 1957లో అక్కడ ప్రకటించారు. 1960లలో జపాను శాస్త్రజ్ఞులు దాన్ని ఫ్యాక్టరీలకు పనికొచ్చేలా చేశారు. 1974లో పంచదార ధర ఆకాశాన్నంటింది. చవగ్గా దొరికే మొక్కజొన్న పాకానికి గిరాకీ వచ్చింది. 1984లో కోకాకోలా, పెప్సీ అమెరికాలో పూర్తిగా దానికే మారిపోయాయి. ఆ పాకంలో ఫలశర్కర 55 పాళ్లు, పంచదారలో 50. తేడా అంతే! కాబట్టి మొక్కజొన్నను తిట్టి, మన పంచదార మంచిదనుకుంటే లాభం లేదు. బెల్లమూ చాలావరకు ఆ తానులో గుడ్డే.

హెచ్చరించినవాళ్లు లేకపోలేదు. లండన్ ప్రొఫెసర్ జాన్ యడ్కిన్ 1972లోనే పంచదార మీద ఒక పుస్తకం రాశాడు. ఆ రోజుల్లో నెయ్యీ కొవ్వులే దోషులని నమ్మిన లోకం ఆయన మాట చెవిన పెట్టలేదు. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లుడ్విగ్ అనే వైద్యుడు, మద్యం తాగనివాళ్ల కాలేయాల్లోనూ తాగుబోతుల్లో కనిపించే జబ్బే ఉందని చూసి దానికొక పేరు పెట్టాడు. అది చదివాక మా డాక్టరు గారి మీద కోపం పోయింది.

అయితే పంచదార ఒక్కటే దోషి అనను. తినే అన్నం, కదలని ఒళ్లు కూడా ఉన్నాయి. పండుకైతే అసలు ఏ పాపమూ తెలియదు. గ్లాసు రసానికి నాలుగు బత్తాయిలు పిండుతాం. ఆ నాలుగూ ఒక్క నిమిషంలో ఒలుచుకుని తినగలమా? పీచంతా పారేసి తీపి మాత్రం దించుతున్నాం. అందుకే 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి చెప్పినప్పుడు పంచదారతో పాటు పండ్ల రసాన్నీ, తేనెనూ కూడా లెక్కలో కలిపింది. రోజుకు 25 గ్రాములు, అంటే సుమారు ఆరు చెంచాలు దాటకపోతే మరీ మంచిదంది. నేను పైన వేసిన చెంచాలే నాలుగు!

ఇప్పుడు మా ఇంట్లో రసం తీసే మిషను అటకెక్కింది. సాయంత్రం నడిచొచ్చాక ఆయన చేతిలో ఒక బత్తాయి పెడతాను. "ఒలిచి ఇవ్వకూడదూ?" అని సణుగుతారు. ఒలవను. ఆ ఒలుచుకోవడంలోనే సగం వైద్యం ఉందని నాకిప్పుడు తెలుసు మరి!