చంటిబిడ్డ చేరిక, తల్లి డ్యూటీ: ఎలమంచిలి, అచ్యుతాపురం ప్రాంతంపై ఒక చర్చ

ఎలమంచిలికి దగ్గరలోని అచ్యుతాపురం సెజ్‌లో బ్రాండిక్స్ దుస్తుల పార్కు వచ్చాక, చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వేల సంఖ్యలో బస్సెక్కి కుట్టుపనికి వెళ్తున్నారు. వాళ్లలో చంటిబిడ్డల తల్లులూ ఉంటారు. బిడ్డ నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉంటుంది. తల్లి దగ్గర లేని బిడ్డ ఏమైపోతుందోనన్న బెంగ చదువుకున్నవాళ్లలోనే ఎక్కువ. నా దృష్టిలో చూడవలసింది బిడ్డను ఎంతమంది పెంచుతున్నారన్నది కాదు. ఆ చేతులు ఏ వయసులో, ఎంత హఠాత్తుగా మారుతున్నాయన్నది.

ఆ బెంగకు మూలం బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదిక. అందులోని పిల్లలు అనాథాశ్రమాల్లో, ఆసుపత్రుల్లో అయినవాళ్లకు దూరమైనవాళ్లు. నాయనమ్మ చంకనెక్కిన బిడ్డను వాళ్ల పక్కన నిలబెట్టడం సబబు కాదు. బౌల్బీతో కలిసి పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ 1954–55లో యుగాండా పల్లెల్లో 26 కుటుంబాలను గమనించారు. బిడ్డ తీరుతెన్నులను అడగకుండానే పూసగుచ్చినట్టు చెప్పగలిగిన తల్లుల పిల్లలు నిబ్బరంగా ఉన్నారని ఆమె గుర్తించారు. తర్వాత బాల్టిమోర్‌లో ఆమె రూపొందించిన పరీక్షలో ఏడాది దాటిన బిడ్డను కొత్త గదిలో కాసేపు వదిలి, తల్లి తిరిగొచ్చినప్పుడు ఏం చేస్తుందో చూస్తారు. ఒంటరిగా వదలడం అలవాటులేని జపాన్ పిల్లలు ఆ గదిలో విపరీతంగా ఏడ్చారు. మన ఊళ్లలోనూ అదే జరిగితే, కొలిచింది అనుబంధాన్నా భయాన్నా అన్న సందేహం తప్పదు.

అసలు చిక్కు వయసులో ఉంది. పసిబిడ్డ సుమారు ఆరేడు నెలలకు అయినవాళ్లను గట్టిగా పట్టుకుని ఇతరుల దగ్గర కొత్త చేయడం మొదలుపెడుతుంది. 2017 ప్రసూతి సవరణ చట్టం మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవిచ్చింది. కాన్పుకు ముందే 8 వారాలు వాడుకుంటే బిడ్డకు మిగిలేది నాలుగు నెలల పైచిల్లరే. పైగా తొలికాన్పు పుట్టింట్లో. అమ్మమ్మకు చేరికైన బిడ్డ మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తవారింటికి వస్తుంది. నాయనమ్మకు పూర్తిగా అలవాటుపడకముందే తల్లికి డ్యూటీ మొదలు. నాయనమ్మ పెంచడం లోపం కాదు. తల్లి ఇంట్లో ఉండగానే స్నానం, పాలు, జోల మెల్లగా ఆమె చేతికి మారే వ్యవధి లేకపోవడమే లోపం.

50 మంది, అంతకు పైగా పనిచేసే చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ అదే సవరణ చెప్పింది. మంచి నిబంధనే. కానీ బిడ్డ ఎలమంచిలిలో, తల్లి అచ్యుతాపురంలో ఉంటే ఆ నాలుగుసార్లు కాగితం మీదివే. పొద్దున్నే కిక్కిరిసిన బస్సులో చంటిబిడ్డను తీసుకెళ్లమని ఎవరంటారు? ఊళ్లోని అంగన్‌వాడీ మూడేళ్లు నిండాకే పిల్లలను బడికి కూర్చోబెట్టుకుంటుంది. అంతవరకు ఇంటికిచ్చే పౌష్టికాహారమే. ఈ ఖాళీని పూడ్చడానికి కేంద్రం తెచ్చిన పాల్నా పథకం ఆరు నెలలు దాటినవాళ్లను తీసుకుంటుంది గానీ, దాని పనివేళ రోజుకు ఏడున్నర గంటలు. ఎనిమిది గంటల షిఫ్టుకు రానూపోనూ బస్సు ప్రయాణం కలిపితే, అటూ ఇటూ మిగిలిన వేళలకు బిడ్డ మళ్లీ నాయనమ్మ చేతికే.