గానిమీడ్ గాలి: కావలూరు నుండి కోనా దాకా

నంద్యాల, ఆళ్ళగడ్డల నుండి ఇంచుమించు నేరుగా దక్షిణానికి, మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం లోపే, తమిళనాడులోని జవ్వాది కొండల మీద కావలూరు వేధశాల ఉంది. రేఖాంశంలో తేడా అర డిగ్రీ కూడా లేదు. నల్లమల మీదుగా లేచిన గురుగ్రహం మన నడినెత్తి రేఖను దాటే వేళకు, ఒకటి రెండు నిమిషాల తేడాతో, అక్కడా దాటుతుంది. ఆ గురుగ్రహపు ఉపగ్రహాలలో పెద్దదైన గానిమీడ్ కథలో కావలూరుకు ఒక అధ్యాయం ఉంది. మన పత్రికలు దానిని సగమే చెబుతూ వచ్చాయి.

వేధశాలను నెలకొల్పిన వేణు బాప్పు మలయాళీ కుటుంబీకుడే అయినా పెరిగింది హైదరాబాదులో. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు సంస్థానపు విద్యార్థి వేతనంతో హార్వర్డు వెళ్ళి, 1949లో తోకచుక్కను కనుగొన్నవారిలో ఒకడైనాడు. 1972లో కావలూరులో ఒక మీటరు వ్యాసం గల దూరదర్శిని సిద్ధమైంది.

ఆ ఏడాది జూన్ 7న ధనూరాశిలో ఒక మసక నక్షత్రం గానిమీడ్ చాటుకు వెళ్ళింది. ఉపగ్రహం చుట్టూ గాలి లేకపోతే నక్షత్రపు వెలుగు దీపం ఆర్పినట్లు చటుక్కున పోవాలి. గాలి ఉంటే క్షీణిస్తూ పోవాలి. కావలూరులో జె.సి. భట్టాచార్య, జావా దీవిలోని లెంబాంగ్‌లో మరికొందరు ఆ వెలుగును కొలిచారు. క్షీణత కనబడిందన్నారు. 1973లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఉమ్మడి వ్యాసం, గానిమీడ్‌కు వాతావరణం ఉందనీ, దాని పీడనం భూతలపు పీడనంలో సుమారు పది లక్షలవ వంతు ఉంటుందనీ ప్రకటించింది. మన పుస్తకాలలో కథ ఇక్కడ ముగుస్తుంది.

1979 మార్చిలో వాయేజర్-1 గురుగ్రహాన్ని సమీపించింది. అదీ ఇదే ఉపాయం పన్నింది. గానిమీడ్ చాటుకు పోతున్న మరొక నక్షత్రాన్ని అతినీలలోహిత కిరణాలలో చూసింది. గాలి జాడ లేదు! ఉన్నా, 1972 లెక్క కంటే పదివేల రెట్లకు మించి పలుచన అని తేలింది.

ఆ ఆగస్టులోనే మాంట్రియల్ మహాసభలో బాప్పు అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సమాఖ్యకు అధ్యక్షుడైనాడు. ఆ పదవి నందుకొన్న తొలి భారతీయుడు. ఆ సమాఖ్య పక్షాననే 1980 మే నెలలో హవాయిలోని కైలువా-కోనాలో గురుగ్రహ ఉపగ్రహాలపై 57వ గోష్ఠి జరిగింది. వాయేజర్ నౌకలు తెచ్చిన బొమ్మలూ కొలతలూ ఆ నాలుగు పెద్ద ఉపగ్రహాల గురించి అప్పటిదాకా ఉన్న ఊహలను తిరగరాశాయి. అయో మీద అగ్నిపర్వతాలు, గానిమీడ్ మీద పొడవాటి చాళ్ళు! డేవిడ్ మారిసన్ సంపాదకత్వంలో 1982లో వెలువడిన బృహద్గ్రంథంలో ఈ ఉపగ్రహాల వాతావరణాలకు ఒక అధ్యాయం ఉంది. తన వేధశాల ఫలితాన్ని తోసివేసిన కొలతలున్న కాలంలో, వాటిని చర్చించే గోష్ఠి తన సమాఖ్యదే కావడం బాప్పు జీవితంలో ఒక విచిత్ర ఘట్టం. ఆయన 1982 ఆగస్టులో మ్యూనిక్‌లో మరణించాడు.

గానిమీడ్ కథ అక్కడా ఆగలేదు. హబుల్ దూరదర్శిని 1990లలో గానిమీడ్ చుట్టూ ఆమ్లజని వెలుగును పసిగట్టింది. గురుగ్రహ పరిసరాలలోని విద్యుత్కణాలు మంచును తాకి నీటి అణువులను చీలుస్తాయి. తేలికైన ఉదజని తప్పించుకుపోతుంది, ఆమ్లజని మిగులుతుంది. దాని పీడనం భూతలపు పీడనంలో స్థూలంగా పదివేల కోట్లవ వంతు! వాయేజర్ విధించిన హద్దుకు లోబడినదే. 2021లో నీటియావిరి జాడలు కూడా బయటపడ్డాయి.

కనుక "గానిమీడ్ వాతావరణాన్ని భారతీయులు కనుగొన్నారు" అని రాయడం నాకు రుచించదు. 1972లో చెప్పిన గాలి వేరు, ఇప్పుడు తెలిసిన గాలి వేరు. అలాగని కావలూరును చిన్నబుచ్చే పని లేదు. అదే వేధశాలలో అదే భట్టాచార్య 1977 మార్చి 10న, ఇదే పద్ధతిలో యురేనస్ ఒక నక్షత్రాన్ని మరుగుపరచడాన్ని కొలిచినప్పుడు ఆ గ్రహపు వలయాల జాడలు దొరికాయి. 1986లో వాయేజర్-2 వెళ్ళి ఆ వలయాలను దగ్గరగా చూసింది.

2023 ఏప్రిల్ 14న ఐరోపా వారి జ్యూస్ నౌక బయలుదేరింది. 2031లో గురుగ్రహాన్ని చేరి, 2034లో గానిమీడ్ చుట్టూ కక్ష్యలో తిరగాలన్నది ప్రణాళిక. ఆ పలుచని గాలిని కొలిచే పరికరాలు దానిలో ఉన్నాయి.