ప్రభుత్వ కార్యక్రమాల మూల్యాంకనం

ప్రభుత్వ కార్యక్రమాల మూల్యాంకనం అనగా ప్రభుత్వం ప్రజల కొరకు చేపట్టిన ఆరోగ్య, పోషకాహార, విద్య, ఉపాధి, సాంఘిక సంక్షేమ పథకాలు తలపెట్టిన ఫలితాన్ని సాధించినవో లేదో శాస్త్రీయ పద్ధతిలో పరిశీలించి తేల్చే పరిశోధన. ఈ పని చేసేవారిని మూల్యాంకన పరిశోధకులు లేదా మూల్యాంకన అధికారులు అంటారు. వీరు ప్రభుత్వ ఉద్యోగులు కావచ్చు, లేదా ప్రభుత్వం తరఫున అధ్యయనం చేసే పరిశోధనా సంస్థలకు చెందినవారు కావచ్చు. భారతదేశంలో ఈ పనికి వ్యవస్థీకృత రూపం 1952లో ఏర్పడింది.

పథకానికి కేటాయించిన డబ్బు ఖర్చయిందా అన్నది ఒక ప్రశ్న, ఆ ఖర్చు వలన ప్రజల జీవితంలో మార్పు వచ్చిందా అన్నది మరొక ప్రశ్న. మూల్యాంకనం ప్రధానంగా రెండవ ప్రశ్నకు సంబంధించినది.

పర్యవేక్షణ, తనిఖీ, మూల్యాంకనం

ఈ మూడు పదాలను తరచుగా ఒకే అర్థంలో వాడుతుంటారు. కాని వీటి మధ్య స్పష్టమైన భేదం ఉంది.

పర్యవేక్షణ: పథకం నడుస్తున్నపుడు నెలనెలా జరిగే పరిశీలన. ఎన్ని టీకాలు వేశారు, ఎన్ని అంగన్‌వాడీ కేంద్రాలు తెరిచారు, ఎంత బియ్యం విడుదల చేశారు వంటి వివరాలను సంబంధిత శాఖయే సేకరిస్తుంది.

తనిఖీ (ఆడిట్): ఖర్చు నిబంధనల ప్రకారం జరిగిందా లేదా అన్న పరిశీలన. రాజ్యాంగబద్ధ పదవి అయిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) దీనిని నిర్వహిస్తారు. కాగ్ జరిపే పనితీరు తనిఖీలు కొంతవరకు మూల్యాంకనాన్ని పోలి ఉంటాయి.

మూల్యాంకనం: పథకం లేకపోయినట్లయితే పరిస్థితి ఎలా ఉండేది, పథకం వలన ఎంత మారింది, మారకపోతే కారణమేమిటి అన్న విషయాల పరిశీలన.

చరిత్ర

సాముదాయిక అభివృద్ధి కార్యక్రమం 1952 అక్టోబరు 2న ప్రారంభమైంది. అదే నెలలో ప్రణాళికా సంఘం ఆధ్వర్యంలో కార్యక్రమ మూల్యాంకన సంస్థ స్థాపించబడింది. పథకాన్ని అమలు చేసేవారే దాని ఫలితాలను గూర్చి చెప్పుకోవడం సరికాదన్న ఆలోచన దీనికి మూలం. ఈ సంస్థ తరువాతి కాలంలో వ్యవసాయం, సహకారం, ఆరోగ్యం, పోషకాహారం, ప్రజా పంపిణీ మొదలైన రంగాలకు విస్తరించింది. దేశంలోని పలు నగరాలలో దీనికి క్షేత్ర కార్యాలయాలు ఉండేవి. వాటిలో హైదరాబాదు ఒకటి.

సాముదాయిక అభివృద్ధి కార్యక్రమం పై 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం నివేదిక సమర్పించింది. గ్రామ ప్రజల చొరవ, భాగస్వామ్యం లేకుండా అధికారుల ద్వారా మాత్రమే అభివృద్ధి సాధ్యం కాదని ఈ సంఘం అభిప్రాయపడింది. దీని సిఫారసుల ఫలితంగా మూడంచెల పంచాయతీ రాజ్ వ్యవస్థ ఏర్పడింది. 1959లో రాజస్థాన్ తరువాత ఈ వ్యవస్థను ప్రవేశపెట్టిన రెండవ రాష్ట్రం ఆంధ్ర ప్రదేశ్. ఒక పథకం లోపాలను నిజాయితీగా పరిశీలించడం వలన దేశ పాలనా వ్యవస్థలోనే మార్పు రావడానికి ఇది మంచి ఉదాహరణ.

ఇదే కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త ఎస్.సి.దూబే, హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేట గ్రామాన్ని అధ్యయనం చేసి 1955లో గ్రంథం ప్రచురించాడు. సాముదాయిక అభివృద్ధి గ్రామాలలో ఎలా అమలైనదో వివరించే ఆయన రెండవ గ్రంథం 1958లో వెలువడింది.

ప్రణాళికా సంఘం స్థానంలో 2015 జనవరి 1న నీతి ఆయోగ్ ఏర్పడింది. అదే సంవత్సరం సెప్టెంబరులో కార్యక్రమ మూల్యాంకన సంస్థను, స్వల్పకాలం మాత్రమే పనిచేసిన స్వతంత్ర మూల్యాంకన కార్యాలయాన్ని విలీనం చేసి, నీతి ఆయోగ్‌కు అనుబంధంగా అభివృద్ధి పర్యవేక్షణ, మూల్యాంకన కార్యాలయాన్ని ఏర్పాటు చేశారు. కేంద్ర ప్రాయోజిత పథకాలకు సంబంధించిన 28 ఛత్ర పథకాలను ఈ కార్యాలయం 2019 నుండి మూల్యాంకనం చేసింది.

పరిశోధకుల పని

కేంద్ర ప్రభుత్వంలో ఈ పని చేసేవారిలో చాలామంది ఇండియన్ ఎకనామిక్ సర్వీసు, ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసులకు చెందినవారు. ఈ రెండు సర్వీసులు 1961లో ఏర్పడ్డాయి. వీటికి యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షలు నిర్వహిస్తుంది. రాష్ట్రాలలో అర్థగణాంక శాఖ సిబ్బంది సమాచార సేకరణలో ముఖ్య పాత్ర వహిస్తారు. అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం, సామాజిక శాస్త్రం, ప్రజారోగ్యం వంటి సబ్జెక్టులలో స్నాతకోత్తర విద్య ఈ వృత్తికి ఉపయోగకరం.

ఒక అధ్యయనం సాధారణంగా ఈ క్రింది దశలలో సాగుతుంది:

1. పథకం ఆశయాలను కొలవదగిన ప్రశ్నలుగా మార్చడం. "పిల్లల ఆరోగ్యం మెరుగుపరచడం" అన్నది ఆశయం. "మూడేళ్ళ లోపు పిల్లలలో వయసుకు తగిన బరువు లేనివారి శాతం తగ్గిందా?" అన్నది ప్రశ్న.
2. నమూనా ఎంపిక. జిల్లాలు, మండలాలు, గ్రామాలు, చివరకు కుటుంబాలను లాటరీ పద్ధతిలో ఎంచుకోవడం. రోడ్డు ప్రక్కనున్న గ్రామాలను, అధికారులు చూపించిన ఇండ్లను మాత్రమే చూస్తే ఫలితం తప్పుదారి పడుతుంది.
3. ప్రశ్నావళి తయారుచేసి స్థానిక భాషలో పరీక్షించడం.
4. క్షేత్ర పరిశీలన. పరిశోధకుడు కార్యాలయ రిజిస్టరును మాత్రమే చూడడు. అంగన్‌వాడీ రిజిస్టరులో నలభై మంది పిల్లల పేర్లుంటే, ఆ రోజు వచ్చినవారెందరో లెక్కిస్తాడు, తూకం యంత్రం పనిచేస్తున్నదా అని చూస్తాడు, తరువాత ఇండ్లకు వెళ్ళి తల్లులను అడుగుతాడు.
5. సమాచార విశ్లేషణ, ముసాయిదా నివేదిక, సంబంధిత శాఖ అభిప్రాయ సేకరణ, తుది నివేదిక.

వీటిలో నాల్గవ దశ మిక్కిలి ముఖ్యమైనది. రిజిస్టరుకు, ఇంటిలో తల్లి చెప్పినదానికి మధ్య కనిపించే తేడాయే అనేక నివేదికలకు ప్రాణం. కూలి పనులకు వెళ్ళే కుటుంబాలు పగటిపూట ఇంటివద్ద ఉండవు. వారిని కలవడానికి తెల్లవారుజామున గాని చీకటి పడ్డాక గాని వెళ్ళవలసి ఉంటుంది. ఇల్లు తాళం వేసి ఉందని ప్రక్క ఇంటికి వెళ్ళిపోతే, పథకం ఎవరి కోసం ఉద్దేశించబడిందో వారే లెక్కలో లేకుండా పోతారు.

పద్ధతులు

పథకానికి ముందు, తరువాత పరిస్థితులను పోల్చడం సులువైన పద్ధతి. కాని ఇది చాలదు. ఉదాహరణకు ఒక జిల్లాలో శిశు మరణాల రేటు 40 నుండి 30కి తగ్గిందనుకుందాం. పథకం వలన 10 తగ్గిందని అనిపిస్తుంది. అయితే పథకం లేని ప్రక్క జిల్లాలో కూడా అదే కాలంలో 41 నుండి 33కు, అనగా 8 తగ్గినట్లయితే, పథకం వలన కలిగిన మేలు సుమారు 2 మాత్రమేనని భావించాలి. మిగిలినది రోడ్లు, చదువు, ఆదాయం వంటి ఇతర కారణాల వలన ఎలాగూ వచ్చే మార్పు. ఈ పద్ధతిని తేడాలలో తేడా పద్ధతి అంటారు. పథకం లేకున్నా రెండు జిల్లాలు ఒకే తీరున సాగేవన్న ఊహ పై ఇది ఆధారపడి ఉంటుంది.

ఇంకా నమ్మదగినది యాదృచ్ఛిక నియంత్రిత పద్ధతి. ఇందులో పథకం ముందుగా ఏ ప్రాంతాలకు అందాలో లాటరీ ద్వారా నిర్ణయించి, మిగిలిన ప్రాంతాలతో పోలుస్తారు. ప్రభుత్వాలు పథకాలను ఎలాగూ దశలవారీగానే అమలు చేస్తాయి కనుక కొన్ని సందర్భాలలో ఇది సాధ్యమవుతుంది.

జాతీయ నమూనా సర్వే (1950లో ప్రారంభం), జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (మొదటిది 1992–93, అయిదవది 2019–21) వంటి పెద్ద సర్వేలు మూల్యాంకనానికి ఆధారాలు. పోషకాహార రంగంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కృషి పేర్కొనదగినది. 1918లో కూనూరులో మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరోకు ఇదే కేంద్రంగా ఉండి, గ్రామీణ కుటుంబాలు ఏమి తింటున్నాయో దశాబ్దాల పాటు కొలిచింది.

కొన్ని ముఖ్య అధ్యయనాలు

లక్షిత ప్రజా పంపిణీ వ్యవస్థ (2005): కార్యక్రమ మూల్యాంకన సంస్థ వెలువరించిన నివేదికలలో బాగా చర్చకు వచ్చినది ఇది. కేంద్రం విడుదల చేసిన సబ్సిడీ ధాన్యంలో సుమారు 58 శాతం దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాలకు చేరడం లేదని ఈ నివేదిక తెలిపింది. ఇందులో పెద్ద భాగం, 36 శాతం పైగా, సరఫరా మార్గంలోనే ప్రక్కదారి పట్టింది. మిగిలినది లబ్ధిదారుల గుర్తింపులో జరిగిన పొరపాట్ల వలన ఇతరులకు చేరింది. పేదలకు ఒక రూపాయి మేలు చేయడానికి కేంద్ర ప్రభుత్వం 3.65 రూపాయలు ఖర్చు చేస్తున్నదని లెక్క తేల్చింది. ప్రభుత్వ సంస్థయే ప్రభుత్వ పథకం గురించి ఇంత నిర్మొహమాటంగా చెప్పడం విశేషం.

స్మార్ట్ కార్డుల అధ్యయనం: ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, సామాజిక భద్రతా పింఛన్లను వేలిముద్రల ఆధారిత స్మార్ట్ కార్డుల ద్వారా చెల్లించే ఏర్పాటును, రాష్ట్ర ప్రభుత్వ సహకారంతో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అధ్యయనం చేశారు. 157 మండలాలలో, సుమారు 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతంలో, అమలు క్రమాన్ని లాటరీ ద్వారా నిర్ణయించారు. కూలి డబ్బు త్వరగా అందినట్లు, మధ్యలో పోయే సొమ్ము తగ్గినట్లు 2016లో ప్రచురించిన ఫలితాలు తెలిపాయి. స్థానిక నాయకుల నుండి వచ్చిన ఫిర్యాదుల వలన 2013లో ఈ ఏర్పాటును రద్దు చేసే ఆలోచన కూడా జరిగింది. కాని సర్వేలో లబ్ధిదారులలో 90 శాతం మంది కార్డుల పద్ధతియే మేలన్నారు. నాయకుల మాట కార్యాలయానికి సులువుగా చేరుతుంది. కూలీల మాట అక్కడికి చేరాలంటే ఎవరో ఒకరు వెళ్ళి అడగాలని ఈ ఉదంతం తెలియజేస్తుంది.

సామాజిక తనిఖీ: జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. 2005 నాటి చట్టం 17వ సెక్షను గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీకి వీలు కల్పించింది. మస్టరు రోళ్ళను గ్రామసభలో బిగ్గరగా చదివి, పేరున్నవారు నిజంగా పనిచేశారా, డబ్బు అందిందా అని అడగడం ఇందలి పద్ధతి. దీనిని రాష్ట్రవ్యాప్తంగా క్రమబద్ధంగా చేపట్టిన మొదటి రాష్ట్రం ఆంధ్ర ప్రదేశ్. ఇది పరిశోధన కాకపోయినా, లబ్ధిదారులనే పరిశీలకులుగా చేసినందున మూల్యాంకనానికి దగ్గరి బంధువని చెప్పవచ్చు.

నైతిక నియమాలు

మూల్యాంకనంలో పాల్గొనేవారి సమ్మతి తప్పనిసరి. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకపోయినా తమ రేషను కార్డు గాని, పింఛను గాని పోదని వారికి అర్థమయ్యేలా చెప్పాలి. పేర్లు గోప్యంగా ఉంచాలి.

ఈ నియమాలను విస్మరిస్తే ఏమవుతుందో ఖమ్మం జిల్లా ఉదంతం తెలుపుతుంది. 2009లో ఈ జిల్లాలోను, గుజరాత్‌లోని వడోదర జిల్లాలోను బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా వేసే ప్రదర్శన ప్రాజెక్టు జరిగింది. ఖమ్మంలో బాలికలలో అనేకులు గిరిజన వసతి గృహాలలో ఉండేవారు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సమ్మతి పత్రాలపై సంతకాలు చేసిన సంగతి బయటపడింది. కొందరు బాలికల మరణాల పై ఆందోళన చెలరేగడంతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును నిలిపివేశారు. మరణాలకు టీకా కారణం కాకపోవచ్చునని విచారణ సంఘం భావించినప్పటికీ, సమ్మతి సేకరణలో తీవ్ర లోపాలున్నట్లు 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ఎత్తిచూపింది. ప్రశ్న ఎంత ఉపయోగకరమైనదైనా, జవాబు పొందే మార్గం న్యాయమైనదిగా ఉండాలి.

సమస్యలు, పరిమితులు

స్వతంత్రత: మూల్యాంకన సంస్థ ప్రభుత్వంలో భాగమైతే విమర్శించడానికి వెనుకాడవచ్చు. పూర్తిగా బయట ఉంటే సమాచారం అందదు, సిఫారసులు అమలుకు నోచుకోవు.

ఆలస్యం: నివేదిక వెలువడేసరికి పథకం పేరు, నియమాలు మారిపోవడం సాధారణం.

అన్ని మార్పులు కొలతకు అందకపోవడం: తూకంలో బరువు తెలుస్తుంది. ఆసుపత్రిలో పేదరాలికి దొరికిన మర్యాద తెలియదు. అందువలన అంకెలతో పాటు ఇంటర్వ్యూలు, బృంద చర్చలు కూడా అవసరం.

వ్యతిరేక ఫలితం పట్ల అసహనం: పథకం పనిచేయలేదన్న నివేదికను వైఫల్యంగా భావించి పక్కన పెట్టడం జరుగుతుంటుంది. నిజానికి పనిచేయని పద్ధతిని సకాలంలో గుర్తించడం వలన ఆ సొమ్ము పనిచేసే పద్ధతికి మళ్ళుతుంది.

ప్రాముఖ్యత

సంక్షేమ పథకాల పై ఖర్చయ్యేది ప్రజల సొమ్ము. అది అందవలసినవారిలో అత్యధికులు తమకు అందలేదని వ్రాసి పంపలేనివారు. వారి ఇంటి వద్దకు వెళ్ళి, వారు చెప్పినదానిని మార్చకుండా నమోదు చేసి, దానిని విధాన నిర్ణేతల ముందుంచడం మూల్యాంకన పరిశోధకుల బాధ్యత. గణాంకశాస్త్రం, సామాజిక శాస్త్రాలు చదివే విద్యార్థులు తమ విద్యను ప్రజలకు నేరుగా ఉపయోగపరచగల రంగాలలో ఇది ఒకటి.

ఇవి కూడా చూడండి

నీతి ఆయోగ్
పంచాయతీ రాజ్
జాతీయ పోషకాహార సంస్థ
సమగ్ర శిశు అభివృద్ధి పథకం
ప్రజా పంపిణీ వ్యవస్థ