విండోస్ గడప దాటిన వర్డ్

హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్లో ఆండ్రాయిడ్ ఫోను కొన్నా, ఐఫోను కొన్నా మైక్రోసాఫ్ట్ వారి వర్డ్, ఎక్సెల్ అందులో పనిచేస్తాయి. ఆ కంపెనీ సొంత విండోస్ ఫోను మాత్రం ఏనాడో కనుమరుగైంది. తమ ఫోను ఓడిపోయినా తమ సాఫ్ట్‌వేర్ అందరి చేతుల్లోకీ ఎలా వచ్చింది?

అన్ని యంత్రాలకూ సాఫ్ట్‌వేర్ రాయడం మైక్రోసాఫ్ట్‌కు పుట్టుకతో వచ్చిన విద్య. 1975లో ఆల్టెయిర్ కంప్యూటర్‌లో నడిచేలా బేసిక్ ప్రోగ్రామింగ్ భాషను రాసింది. తర్వాత అదే బేసిక్‌ను ఎన్నో కంపెనీలకు అమ్మింది. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ హక్కులు తీసుకుని 1980లో జెనిక్స్‌ను ప్రకటించింది. ఎక్సెల్ 1985లో మొదట వెలువడింది ఆపిల్ మెకింతోష్ మీదే.

విండోస్ ఇల్లిల్లూ చేరాక ఆ ధోరణి మారి, మైక్రోసాఫ్ట్ విండోస్‌కే పెద్దపీట వేసింది. అంతకుముందే 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి లినక్స్ కెర్నెల్‌ను విడుదల చేశారు. ఇలాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కోడ్‌ను ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ వ్యాపారానికి ఇది ముప్పని 1998లో బయటపడ్డ ఆ సంస్థ అంతర్గత పత్రాలే ఒప్పుకున్నాయి. 2001లో అప్పటి సీఈఓ స్టీవ్ బామర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చారు.

లినక్స్‌తో పోరు తీర్పు ఫోన్లలో, సర్వర్లలో వచ్చింది. లినక్స్ కెర్నెల్ మీద కట్టిన ఆండ్రాయిడ్ ప్రపంచాన్ని చుట్టేసింది. 2014 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల సీఈఓ అయ్యారు. మార్చిలో ఐప్యాడ్‌కు వర్డ్, ఎక్సెల్ ఉండే ఆఫీస్ వచ్చింది. నవంబరులో తమ ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్ కోడ్‌ను ఓపెన్ సోర్స్ చేస్తున్నట్టు ప్రకటించారు. 2016లో మైక్రోసాఫ్ట్ లినక్స్ ఫౌండేషన్‌లో చేరింది. 2018లో ఓపెన్ సోర్స్ ప్రోగ్రామర్ల కూడలి గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొంది. దీని వెనుక లెక్క తేలికే. మైక్రోసాఫ్ట్ లాగా క్లౌడ్‌లో కంప్యూటర్లు అద్దెకిచ్చేవారికి అందులో విండోస్ నడిచినా, లినక్స్ నడిచినా అద్దె వస్తుంది. లినక్స్ వద్దంటే ఖాతాదారే పోతాడు.

అందుకే ఈ మార్పును ఔదార్యంగా చూడలేను. విండోస్, ఆఫీస్‌ల అసలు కోడ్ ఇప్పటికీ మూసే ఉంది. తలుపు తీయించింది ఓపెన్ సోర్స్ బలం. ఆ బలం వాడేవాళ్లతోనే నిలుస్తుంది. ఉదాహరణకు, ఈ-కోర్టుల పథకం కింద దేశమంతటా జిల్లా స్థాయి కోర్టులు వాడే కేసుల సమాచార వ్యవస్థను ఓపెన్ సోర్స్ మీదే నిర్మించారు. హైదరాబాద్‌లోని నాంపల్లి క్రిమినల్ కోర్టులూ ఆ వ్యవస్థలోవే. పౌరుల కేసుల వివరాలు ఏ ఒక్క కంపెనీ లైసెన్సుకూ తాకట్టు పడకూడదు.

మన బడులూ, పంచాయతీలూ, గ్రంథాలయాలూ అదే దారి పట్టాలి. వర్డ్ కావాలన్నవాళ్లు వర్డ్ వాడుకోవచ్చు. కానీ ప్రజల సొమ్ముతో తయారయ్యే పత్రం ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకోవాలి. కంపెనీల విధానాలు లాభాన్ని బట్టి మారతాయి; ప్రజల రికార్డులు తరతరాలు నిలవాలి.