ఖర్కాయి ఒడ్డున రాజమండ్రి పాళీ

మూత నెమ్మదిగా తిప్పండి. తొందరేం లేదు, మర పొడుగ్గానే ఉంది. ఎబొనైట్ మీద ఎబొనైట్ మెత్తగా జారుతుంది, గరగర లేదు. మూత ఊడి రాగానే ముక్కుకు సన్నగా ఒక వాసన తగులుతుంది. అది గంధకం. రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే గట్టిపడి ఎబొనైట్ అవుతుంది. చేతిలో ఇట్టే వెచ్చబడుతుంది.

ఆదిత్యపూర్‌లో ఆదివారం మధ్యాహ్నం. నది అవతల జంషెడ్‌పూర్. ఇవతల బండ్లకు విడిభాగాలు చేసే చిన్న చిన్న షెడ్లు. అలాంటి ఒక షెడ్డులో టర్నర్‌గా చేసి రిటైరయిన నాన్న చేతిలో ఇప్పుడు రాజమండ్రి నుంచి పార్సిల్లో వచ్చిన రత్నం పెన్ను ఉంది. ఆయన పాళీ వైపు చూడడు. కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, పెన్నును కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూస్తాడు.

"లేత్ మీద చేత్తో తీసిందేనమ్మా. ఇటు చూడు, టూలు ఎక్కడా వణకలేదు."

ఆ మాట ఆయన అంటే నాకు నమ్మకం. 1932లో కోసూరి వెంకటరత్నం గారు రాజమండ్రిలో మొదలుపెట్టిన పని ఇది. స్వదేశీ కలం కావాలన్న గాంధీజీ మాట పట్టుకుని ఆయన చేసి పంపితే, 1935 జులైలో గాంధీజీ మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు.

ఇక ఇంకు. లోపల రబ్బరు గొట్టం, పిస్టన్ లాంటివేవీ లేవు. పెన్ను ఒళ్లే సిరాబుడ్డి. ఫిల్లర్‌తో మర అంచు కిందిదాకా పోసి, మరకు కాస్త సిలికాన్ గ్రీజు రాసి బిగించాలి. మళ్లీ నింపడానికి అడుగంటేదాకా ఆగకూడదు. సిరా తగ్గినకొద్దీ లోపల గాలి పెరుగుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి చుక్కను బయటికి తోసేస్తుంది. చిన్నప్పుడు చొక్కా జేబుల మీద పడ్డ నీలి మరకల్లో చాలావాటికి కారణం ఇదే.

పాళీ కిందికి పెట్టి కాసేపు ఆగండి. దాని కింద అతికినట్టున్న నల్లటి ముక్కలో సన్నటి గాడి ఉంటుంది. సిరా దాని వెంట దిగి, పాళీ చీలికలోకి చేరాలి.

"ఊరి పేరు రాయి," అంటాడు నాన్న.

'ఆ' దగ్గర పాళీ ఇంకా పొడిగానే ఉంది, గీత మధ్యలో తెగింది. 'ది' దగ్గర అందుకుంది. 'త్య'లో యవత్తు కోసం కిందికి దిగి, కుడివైపు వంపు తిరిగి పైకి లేచేసరికి గీత తడిగా, నిండుగా మెరుస్తోంది. కొత్త పాళీని పరీక్షించాలంటే ఇలా పైకి లాగే గీతే సరైనది. దిగేటప్పుడు ఏ పాళీ అయినా బాగానే ఉంటుంది, ఎక్కేటప్పుడే గీరుకుంటుంది. ఇది గీరుకోలేదు. కాగితం మీద నడుస్తున్నట్టు చిన్న సవ్వడి మాత్రం వినిపిస్తోంది. అదంటే నాకు ఇష్టం. మరీ నున్నగా జారిపోయే పాళీతో తలకట్టు ఎక్కడ ఆపాలో చేతికి తెలియదు.

ఇప్పుడు నాన్న వంతు. ఏళ్ల తరబడి బాల్‌పెన్ను పట్టిన చెయ్యి, గట్టిగా నొక్కుతాడు. పాళీ రెండుగా విచ్చుకుంటుంది, గీత లావెక్కి సిరా పొంగుతుంది.

"నొక్కకు నాన్నా. పెన్ను బరువే చాలు."

ఒక్క క్షణం ఆగుతాడు. పట్టు సడలిస్తాడు.

"ఓహో, ఆఖరి కటింగు లాంటిదన్నమాట. వెంట్రుకవాసి తగిలిస్తే చాలు."

అంతే, నేను ఇంకేం చెప్పక్కర్లేదు. సైజు కుదిరాక నునుపు కోసం టూలును అలా ఆనించీ ఆనించనట్టు నడపడం ఆయనకు ఒంటపట్టిన విద్య. శ్రీకాకుళంలో ఉన్న మా పెద్దత్తకు ఉత్తరం మొదలుపెడతాడు. 'అక్కకు నమస్కారాలు' అన్న వరసలో అక్షరాలు గుండ్రంగా, ఒకే లావున కుదురుతున్నాయి. పేజీ తిప్పబోతే నేను చెయ్యి అడ్డం పెడతాను, తడి ఆరలేదు. ఆయన ఆగడు, ఇంకో కాగితం లాక్కుంటాడు.

"ఇంతకన్నా కాస్త లావు పాళీ ఉందేమో, రేపు వాళ్లకి ఫోన్ చేసి అడుగమ్మా."