రాయవేలూరు దారిలో ఒక పురుగు కథ

చిత్తూరు వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ వేలూరును రాయవేలూరనే అంటారు. ఊళ్లో జబ్బు అంతుపట్టకపోతే ఇంట్లో వినబడే మాట "రాయవేలూరుకు తీసుకుపోదాం" అనే. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా తిరుపతి, చిత్తూరు, వేలూరు అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే. దానికి ముఖ్యపట్టణం చిత్తూరే. తర్వాత జిల్లాలు విడిపోయాయి, రాష్ట్రాలూ విడిపోయాయి. రోగుల దారి మాత్రం మారలేదు. పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి రైలు, అక్కడి నుంచి వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆస్పత్రి.

ఆ ఆస్పత్రిలోనే పంది బద్దెపురుగు గురించి మన దేశం ఒక పాఠం నేర్చుకుంది. కథ మొదలైంది మాత్రం ఇక్కడ కాదు. బెర్లిన్‌లో, అదీ కంట్లో.

ఈ పురుగు పిల్ల కండలోనో మెదడులోనో దాక్కుంటే పాతకాలంలో శవాన్ని కోస్తే తప్ప తెలిసేది కాదు. బతికున్న మనిషిలో దాన్ని చూడగలిగిన కిటికీ కన్ను ఒక్కటే. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కంటి లోపలికి చూసే ఆఫ్తాల్మోస్కోప్ తయారుచేశాడు. దాన్ని పట్టుకుని ఆల్‌బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె అనే కంటి వైద్యుడు చూస్తే, కంటిపాప వెనక ముత్యంలాంటి బుడగ, అందులో తెల్లటి చుక్క. ఆ చుక్కే పురుగు తల. వెలుగు పడగానే ముడుచుకుంటుంది, కాసేపటికి మెల్లగా బయటికి సాగుతుంది. తన దగ్గరికి వచ్చిన కంటి రోగుల్లో వెయ్యికి ఒకరిలో ఆయనకు ఇది కనబడింది.

పంది మాంసంలోని బుడగే మనిషి పేగులో బద్దెపురుగు అవుతుందని 1855లో క్యూషెన్‌మైస్టర్ అనే జర్మన్ వైద్యుడు రుజువు చేశాడు. ఎలాగంటారా? మరణశిక్ష పడ్డ ఖైదీకి తెలియకుండా ఆ బుడగలు తిండిలో కలిపి పెట్టి, శిక్ష అమలయ్యాక పేగు కోసి చూశాడు. సైన్సు చరిత్రలో ఇలాంటి రోత పనులు చాలానే ఉన్నాయి. 1881లో బెర్లిన్‌లో పెద్ద కబేళా కట్టి, మాంసం తనిఖీ గట్టిగా మొదలుపెట్టారు. ఆ తర్వాత కొన్నేళ్లకే అక్కడి కళ్లలో ఈ బుడగ దాదాపు కనబడకుండా పోయింది.

దాంతో ఇది పంది తినేవాళ్ల జబ్బన్న ముద్ర పడింది. అది సగమే నిజం. సరిగ్గా ఉడకని పంది మాంసం తింటే వచ్చేది పేగులో బద్దెపురుగు. కంట్లో, మెదడులో బుడగ వచ్చే దారి వేరు: పేగులో పురుగున్న మనిషి మలంలోని గుడ్లు ఇంకొకరి నోట్లోకి పోవాలి. కడగని చేతి నుంచో, పచ్చి కూర నుంచో, నీటి నుంచో.

మద్రాసులో మూర్ఛలొచ్చి చనిపోయిన ఒక కూలీ ఒంట్లో ఈ బుడగలు కనబడ్డాయని 1888లో ఆర్మ్‌స్ట్రాంగ్ రాశాడు. 1930లలో, ఇండియాలో కొలువు చేసి వెళ్లిన బ్రిటిష్ సైనికుల ఫిట్స్‌కు ఇదే కారణమని వాళ్ల సైనిక వైద్యుడు మెకార్థర్ చూపించాడు. మన రోగుల సంగతికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. ఫిట్స్ వచ్చినవాళ్లకు సీటీ స్కాన్ తీస్తే మెదడులో చిన్న మచ్చ కనబడేది. టీబీ గడ్డ అనుకుని నెలల తరబడి టీబీ మందులు మింగించేవారు. వేలూరు సీఎంసీలో మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ బృందం ఆ మచ్చల్ని తీసి పరీక్షిస్తే చాలావాటిలో ఉన్నది పురుగే. 1989లో లాన్సెట్ పత్రిక ఆ సంగతి అచ్చువేసింది. తర్వాత వేలూరు ప్రాంతంలో యాభై వేల మందిని ఇంటింటికీ తిరిగి పరీక్షించి, మూర్ఛ రోగుల్లో దాదాపు మూడోవంతు మందికి మూలం ఈ పురుగేనని 2006లో ప్రకటించారు.

కొండ మీద మాంసం ముట్టని తిరుపతి వాళ్లకు ఇదంతా దూరపు సంగతి అనిపించవచ్చు. న్యూయార్క్‌లో పంది మాంసం గడప తొక్కనివ్వని యూదు కుటుంబాలకూ అలాగే అనిపించింది. 1990ల మొదట్లో వాళ్లలో కొందరికి ఫిట్స్ వచ్చాయి. మెదడులో ఇవే బుడగలు. ఆరా తీస్తే, ఇంట్లో వంటావార్పూ చేసిపెట్టే మనిషి పేగులో బద్దెపురుగు ఉండటమే కారణమని తేలింది.

పందుల్ని నమ్ముకుని తరతరాలుగా బతికిన ఎరుకల కుటుంబాల మీద ఈ నెపం వేయడం సులువు. కానీ మనిషి మలం బయట పడి ఉంటేనే పందికి పురుగు అంటుతుంది. దొడ్లో కట్టి, దాణా వేసి పెంచితే ఆ గొలుసు అక్కడే తెగుతుంది. తిరుపతి పశువైద్య కళాశాల పందుల పరిశోధన కేంద్రంలో నాటు పందిని విదేశీ రకంతో కలిపి టి-17 అనే రకాన్ని తయారుచేసింది ఈ తరహా పెంపకానికే.

చివరగా మళ్లీ కంటి సంగతి. పిల్లలకు ఒక కన్ను ఉబ్బినా, రెప్ప వాలినా, ఒకటి రెండుగా కనబడుతోందన్నా అది ఈ బుడగే కావచ్చు, కంటి డాక్టరుకు చూపించండి. దీనికి మందు బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్రే కదా అని ఇంట్లో మింగించకండి. పురుగు కంటి గుడ్డు లోపలుంటే, మందుకు చచ్చి అక్కడే వాపు తెచ్చి చూపునే పోగొట్టగలదు. అలాంటిదాన్ని ఆపరేషన్ చేసి బయటికి తీయాల్సిందే.